ముఠా కూలికి సాఫ్ట్‌వేర్ షరతులు

మిర్చి సీజన్లో పల్నాడు జిల్లా నరసరావుపేట చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీ ముందు చూసినా టిక్కీల లారీలు బారులు తీరి ఉంటాయి. టిక్కీ అంటే నలభై కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగే మిర్చి బస్తా. లారీ దగ్గర పని ఎలా జరుగుతుందో ముందు చూద్దాం. ఇద్దరు లారీ మీద నిలబడి టిక్కీని లేపి, కిందనున్నవాడి వీపు మీదకు ఎత్తుతారు. అతను నడుం వంచి మోసుకుంటూ, కాటా వేయించుకుని చలి గదిలోకి పోతాడు. లోపల మరో ఇద్దరు అందుకుని నెట్టు కడతారు. గుమాస్తా లాట్ నంబరు రాసుకుంటాడు. పొద్దుగూకాక ముఠా (కలిసి బస్తాలు మోసే హమాలీల జట్టు) మేస్త్రీ తన పుస్తకంలో లెక్కను ఆఫీసు లెక్కతో సరిచూసుకుంటాడు. వచ్చిన కూలిని ముఠాలో అందరూ పంచుకుంటారు.

ఇందులో ఎక్కడా రాసి ఉండని షరతులు చాలా ఉన్నాయి. కింది అంతస్తుకు ఒక రేటు, పై అంతస్తుకు ఇంకో రేటు. చీకటి పడ్డాక వచ్చిన లారీకి పైన ఎంతో కొంత. తడిసిన బస్తా అయితే మేస్త్రీ పేచీ పెడతాడు, యజమాని కొంత దిగుతాడు. ఏ ముఠాకు ఏ లారీ అన్నది వంతు ప్రకారం నడుస్తుంది. ఈ షరతులన్నీ మేస్త్రీకి, గుమాస్తాకి, యజమానికి నోటికి వచ్చు. కంప్యూటర్‌కు మాత్రం రావు. దానికి రాసి ఇవ్వాలి. అలా రాసిచ్చిన ఒక్కో షరతునే సాఫ్ట్‌వేర్ వాళ్లు బిజినెస్ రూల్ (ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా విధంగా చెయ్యమని కంప్యూటర్‌కు ముందే ఇచ్చే ఆదేశం) అంటారు.

గోదాంలో సరుకు ఎక్కడుంది, ఎంతుంది, ముందు ఏది బయటికి పోవాలి అన్నది చూసే సాఫ్ట్‌వేర్‌ను వేర్‌హౌస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. శాప్, ఒరాకిల్, మాన్‌హట్టన్, బ్లూ యాండర్ లాంటి కంపెనీలు వీటిని అమ్ముతాయి. చిన్న గోదాములకు స్థానికంగా రాయించుకున్న ప్రోగ్రాములూ ఉంటాయి. మొదట్లో ఇవి సరుకు లెక్కే చూసేవి. తర్వాత వాటికి లేబర్ మేనేజ్‌మెంట్ (సరుకును కదిలించే మనుషుల పని, సమయం, కూలి లెక్కగట్టే విభాగం) తోడైంది. పని ఎవరికి అప్పగించాలి, అది ఎంతసేపట్లో కావాలి, ఎంత చెల్లించాలి అనే మూడు ప్రశ్నలకూ జవాబు రూల్సులోంచే వస్తుంది.

ఈ సంగతి ఇప్పుడెందుకు తెలుసుకోవాలి? 2017 జులై 1న జీఎస్టీ రాకముందు పెద్ద కంపెనీలు పన్ను కలిసొస్తుందని రాష్ట్రానికో చిన్న గోదాం పెట్టుకునేవి. జీఎస్టీ వచ్చాక ఆ అవసరం తగ్గింది. నాలుగైదు చిన్న గోదాముల బదులు ఒక పెద్ద గోదాం పెట్టుకోవడం లాభమైంది. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్ వైపు లేచిన పెద్ద పెద్ద షెడ్లు చాలావరకు ఆ మార్పు తర్వాతివే. అక్కడ వందలమంది ఒకే కప్పు కింద పనిచేస్తారు. అంతమందిని మేస్త్రీ పుస్తకంతో నడపడం కుదరదు. మాచర్ల, గురజాల నుంచి పనికోసం హైదరాబాద్ వెళ్లే కుర్రవాళ్లు అలాంటి చోట చేరితే, మొదటి రోజునే చేతికి స్కానర్ వస్తుంది. ఇక మన దగ్గర చూస్తే భారత ఆహార సంస్థ డిపోల లెక్కలు 2016 నుంచి ఆన్‌లైన్‌లోకి మారుతూ వచ్చాయి. దేశంలో 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి కేంద్రం 2022లో ఆమోదం తెలిపింది. సరుకు లెక్క కంప్యూటర్‌లోకి ఎక్కినచోట, దాన్ని మోసే మనిషి లెక్క ఎక్కడానికి ఎక్కువ కాలం పట్టదు.

రూలు ఎలా పనిచేస్తుందో ఇప్పుడు చూద్దాం. ప్రతి రూలుకూ రెండు ముక్కలుంటాయి. మొదటిది పరిస్థితి, రెండోది చర్య. సరుకు మిర్చి, పని దింపుడు, చేరాల్సింది పై అంతస్తు: ఇది పరిస్థితి. టిక్కీకి మూల రేటు మీద ఇంత అదనం వెయ్యి: ఇది చర్య. పని పేరు, సరుకు రకం, బరువు, అంతస్తు, వేళ, ముఠా ఇలా ఏ వివరాన్నయినా పరిస్థితిలో పెట్టుకోవచ్చు. అయితే ఆ వివరం ముందుగా కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండాలి. బస్తా తడిసిందని ఎక్కించే గడి తెర మీద లేకపోతే, తడి బస్తాకు రూలు రాయడమే సాధ్యం కాదు.

ఒక లెక్క వేసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కింది అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, ఎక్కడి రేట్లూ కావు. లారీలో 300 టిక్కీలు వచ్చాయి. ముఠాలో పదిమంది. టిక్కీకి మూల రేటు 8 రూపాయలు, పై అంతస్తుకు మరో 3 రూపాయలు. 180 టిక్కీలు పైకి పోయాయి. మూల రేటు కింద 2,400, పై అంతస్తు కింద 540, మొత్తం 2,940. మనిషికి 294. ఇంతవరకూ గుమాస్తా కూడా చేతిలెక్కగా వేసేస్తాడు.

ఇప్పుడు ఇంకొక సంగతి కలుపుదాం. లారీ గేటులోకి వచ్చాక కాటా ఖాళీ లేక రెండు గంటలు ఆగింది. ముఠా అక్కడే చెట్టు నీడన కూర్చుంది. బస్తా లెక్కన కూలి కట్టే పద్ధతిలో ఆ రెండు గంటల విలువ సున్నా. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం లారీ లోపలికొచ్చిన నిమిషం తెలుసు, మొదటి బస్తా కాటా ఎక్కిన నిమిషమూ తెలుసు. అరగంట దాటిన నిరీక్షణకు ప్రతి అరగంటకూ మనిషికి 20 రూపాయలు ఇవ్వమని ఒక రూలు రాస్తే, మిగిలిన గంటన్నరకు మనిషికి 60 వస్తాయి. కూలి 354 అవుతుంది. మేస్త్రీ పుస్తకంలో ఎప్పుడూ పట్టని లెక్క ఇది. యజమానికీ పనికొస్తుంది. ఆ 600 రూపాయల ఖర్చు కాగితం మీద కనిపించినప్పుడే రెండో కాటా పెట్టుకుంటే గిట్టుతుందా లేదా అన్న ఆలోచన మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ భాషలో బస్తా మోయడం ప్రత్యక్ష పని. ఎదురుచూడడం, ఊడవడం, చిరిగిన గోతాలు కుట్టడం పరోక్ష పని. పరోక్ష పనికి రూలు రాయని చోట అది జరగనట్టే లెక్క.

రెండు రూల్సు ఒకే పనికి వర్తిస్తే? రాత్రి పనికి ఒక రూలు, పై అంతస్తుకు ఒక రూలు ఉన్నాయనుకోండి. రాత్రిపూట పై అంతస్తుకు మోస్తే రెండూ కలుస్తాయా, ఒకటే వర్తిస్తుందా? దీనికోసం రూల్సుకు వరస నంబరు పెడతారు. పైన ఉన్నదాన్ని కంప్యూటర్ ముందు చూస్తుంది, సరిపోతే అక్కడే ఆగిపోతుంది. అలా ఆగిపోయేలా అమర్చి, రాత్రి రూలును పైన పెట్టినచోట ముఠాకు రాత్రి అదనమే వస్తుంది, పై అంతస్తు అదనం రాదు. ఎవరూ కావాలని కోత పెట్టింది కాదు, వరస అలా కుదిరింది. ఏ రూలూ సరిపోని పనికి చివర్లో ఒక డిఫాల్ట్ (ఏదీ వర్తించనప్పుడు దానంతటదే పడే విలువ) ఉంటుంది. చాలా తగాదాలు అక్కడే పుడతాయని నా అనుమానం. కొత్త రకం సరుకు వచ్చినా, బస్తా చిరిగి మళ్లీ నింపాల్సి వచ్చినా డిఫాల్ట్ పడుతుంది. అది సున్నా అయితే పని చేసినట్టు నమోదు అవుతుంది, కూలి మాత్రం పడదు.

తేదీ మరో చిక్కు. హమాలీ రేట్ల ఒప్పందాలు గడువు ముగిసిన రోజునే కుదరవు. చర్చలు సాగుతాయి, ఒక్కోసారి సమ్మె నడుస్తుంది, చివరికి పాత తేదీ నుంచి వర్తించేలా సంతకాలవుతాయి. రూలుకు అమల్లోకి వచ్చే తేదీ, ముగిసే తేదీ విడిగా ఉంటే కంప్యూటర్ పాత పనులను తిరిగి లెక్కగట్టి బకాయి ఎంతో చెబుతుంది. పాత అంకె చెరిపి దాని మీదే కొత్త అంకె కొట్టే ప్రోగ్రాముల్లో ఆ అవకాశం ఉండదు. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది. ఎక్కువమంది అడగరు.

ఇక సమయం సంగతి. లేబర్ మేనేజ్‌మెంట్‌లో ప్రతి పనికీ ఒక ప్రామాణిక సమయం (సాధారణ మనిషికి ఆ పనికి పట్టాలని నిర్ణయించిన సెకన్లు, నిమిషాలు) ఉంటుంది. దీని మూలం అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ దగ్గర ఉంది. 1899లో పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో కూలీలు ముడి ఇనుప దిమ్మెలను రైలు పెట్టెల్లోకి ఎత్తేవారు. మనిషి రోజుకు పన్నెండున్నర టన్నులు ఎత్తుతుంటే, గడియారం పట్టుకుని లెక్కగట్టి దాన్ని 47 టన్నుల దాకా పెంచవచ్చని టేలర్ అన్నాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని దాదాపు నాలుగింతలైంది, కూలి పెరిగింది అరవై శాతం. 1911లో వచ్చిన తన పుస్తకంలో టేలర్ దీన్ని గొప్పగా చెప్పుకున్నాడు. అతని లెక్కల్లో ఎంత నిజముందో చరిత్రకారులు తర్వాత చాలా ప్రశ్నించారు. పద్ధతి మాత్రం నిలిచింది. ఇప్పుడు గడియారం పట్టుకునే మనిషి అక్కర్లేదు, స్కానర్ కొట్టిన ప్రతిసారీ సమయం నమోదవుతుంది.

ఒకే పనికి వేర్వేరు రూల్సు ఉంటే ఏమవుతుందో మన దేశంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. భారత ఆహార సంస్థను పరిశీలించిన శాంతకుమార్ కమిటీ 2015 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ సంస్థలో బస్తాలు మోసేవాళ్లు ఒక్కో పద్ధతిలో ఉన్నారు: శాఖ సొంత కార్మికులు, నేరుగా చెల్లింపు పొందేవాళ్లు, కాంట్రాక్టు కూలీలు. 2014 ఏప్రిల్ నుంచి నవంబర్ వరకు లెక్క చూస్తే నెలకు సగటున శాఖ కార్మికుడి మీద సంస్థకు సుమారు 79,500 రూపాయలు ఖర్చయ్యాయి. నేరు చెల్లింపు కార్మికుడి మీద 26,000. కాంట్రాక్టు కూలీ మీద 10,000. 2014 ఆగస్టులో మూడు వందల మందికి పైగా శాఖ కార్మికులకు ఒక్కొక్కరికి బకాయిలతో కలిపి నాలుగు లక్షల రూపాయలకు మించి ముట్టింది. వీళ్లందరూ ఎత్తింది యాభై కిలోల బస్తానే. తేడా అంతా రూల్సుదే. కొన్ని డిపోల్లో అమలైన ప్రోత్సాహక పద్ధతి, ఒకరి పేరు మీద మరొకరు మోసే బదిలీ కూలి, ఈ రెండూ నాలుగు లక్షలు దాటిన ఆ చెల్లింపులకు కారణాలని కమిటీ చెప్పింది. రూలుకు పేరు కనబడుతుంది. ఆ పేరు మీద మోసినవాడి వీపు కనబడదు. అదే సమయంలో కాంట్రాక్టు కూలీకి అందింది అంత తక్కువగా ఉండటం కూడా రూలు ఫలితమే.

పల్నాడు గోదాములకు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. సాఫ్ట్‌వేర్ మనిషిని లెక్కపెడుతుందా, ముఠాను లెక్కపెడుతుందా? పెద్ద కంపెనీల ప్రోగ్రాములు ఒక్కో మనిషికి ఒక్కో నంబరు ఇచ్చి, అతను స్కాన్ చేసిన బస్తాలను అతని ఖాతాలో వేస్తాయి. ఇప్పుడు మొదట చెప్పిన లారీ పని గుర్తు చేసుకోండి. బస్తా మోసుకుంటూ కాటా దగ్గర స్కాన్ చేసేది మోత మనిషి. లారీ మీద నిలబడి ఎత్తే ఇద్దరి ఖాతాలో ఒక్క టిక్కీ పడదు. లోపల నెట్టు కట్టేవాళ్ల ఖాతాలోనూ పడదు. ఆ పనులకు సాధారణంగా ముఠాలో వయసు మీరినవాళ్లను, నడుం పట్టేసినవాళ్లను పెడతారు. వాళ్లకు నేర్పు ఎక్కువ, మోసే బలం తగ్గింది. ముఠాలో సమాన వాటా వస్తుంది కాబట్టి ఇది చెల్లుతుంది. మనిషి లెక్కన రూలు రాస్తే వాళ్లు మొదటి వారంలోనే జాబితా అడుగుకు చేరతారు.

దీనికి దారి లేకపోలేదు. ముఠాకే ఒక నంబరు ఇచ్చి, ఆ రోజు హాజరైన పేర్లు మేస్త్రీ చేత ఎక్కించి, మొత్తాన్ని వాటాలుగా పంచే రూలు రాయొచ్చు. ప్రోగ్రాముకు అది కష్టమేమీ కాదు, అడిగేవాళ్లుండాలి అంతే. చట్టానికీ ముఠా కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1976లో వచ్చిన చట్టం పేరులోనే ముఠా, జట్టు, హమాలీ అన్న మాటలున్నాయి. ఈ కార్మికుల ఉపాధిని క్రమబద్ధం చేసి సంక్షేమం చూడటం దాని ఉద్దేశం. అంతకు ముందు 1969లో మహారాష్ట్ర మథాడీ కార్మికులకు ఇలాంటి చట్టమే తెచ్చింది. అక్కడ యజమాని కూలి డబ్బు బోర్డుకు కడితే బోర్డు కార్మికుడికి ఇస్తుంది.

పని పంపకం రూలు కూడా ఇలాంటిదే. వంతు ప్రకారం లారీలు ఇస్తే ప్రతి ముఠాకూ పని దొరుకుతుంది. తక్కువ సమయంలో దింపే ముఠాకు ముందు ఇవ్వమని రూలు రాస్తే వేరే కథ నడుస్తుంది. చురుకైన ముఠాకు ఎక్కువ లారీలు వస్తాయి. రెండో ముఠాకు మిగిలేవి సాయంత్రం లారీలు, పై అంతస్తు లాట్లు. వాటికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయం చూసి కంప్యూటర్ వాళ్లను ఇంకా వెనక్కి నెడుతుంది. వేగానికి రూలు రాసేవాళ్లు కష్టాన్ని కూడా లెక్కలో వేయకపోతే ఈ సుడి ఆగదు.

వేగం మరీ చిన్న కొలతల దాకా వెళ్తే ఎలా ఉంటుందో ఫ్రాన్స్‌లో తేలింది. అక్కడి వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ సీఎన్ఐఎల్, అమెజాన్ గోదాములు నడిపే ఫ్రెంచి విభాగానికి 2023 డిసెంబర్ 27 నాటి నిర్ణయంతో 3 కోట్ల 20 లక్షల యూరోల జరిమానా వేసింది. ఒక వస్తువు స్కాన్ చేశాక 1.25 సెకన్లలోపే ఇంకోటి స్కాన్ చేస్తే తప్పుగా గుర్తించే కొలత అక్కడ ఉండేది. స్కానర్ పది నిమిషాలకు మించి ఆగితే ఇంకో కొలత, ఒకటి నుంచి పది నిమిషాలు ఆగితే మరో కొలత. అంటే ఆగిన ప్రతిసారీ కార్మికుడు కారణం చెప్పుకోవాల్సి వచ్చే పరిస్థితి, ఇది మితిమీరిన నిఘా అని ఆ సంస్థ తేల్చింది. ఇక్కడ రూలులో వాక్యం ఎంత చిన్నదో గమనించండి. పది నిమిషాలు దాటితే నమోదు చెయ్యి. అంతే. కాటా ఆలస్యమై ఆగాడా, మంచినీళ్లకు వెళ్లాడా, నడుం వాల్చాడా అన్న తేడా అందులో లేదు. మన దేశంలోనూ 2024లో హర్యానా మానేసర్‌లోని ఒక గోదాంలో లారీలు దింపడం పూర్తయ్యేదాకా నీళ్లకు, మరుగుదొడ్డికి పోమని కార్మికుల చేత ప్రమాణం చేయించారని వార్తలొస్తే, జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే నోటీసు ఇచ్చింది.

రూల్సును కార్మికుడి వైపు నుంచీ రాయొచ్చు. బరువు ఉదాహరణ తీసుకుందాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో బరువుల మోతపై చేసిన సిఫార్సు ప్రకారం పురుషుడు మోసే గరిష్ఠ బరువు 55 కిలోలు. మన రైతు దిగుబడి చెప్పేటప్పుడు వాడే ధాన్యం బస్తా 75 కిలోలు. రేటు బస్తాకింత అని ఉన్నంతకాలం పెద్ద బస్తా నింపినవాడికి లాభం, మోసినవాడికి నష్టం. కాటా బరువు ఎలాగూ కంప్యూటర్‌కు ఎక్కుతోంది కాబట్టి క్వింటాలు లెక్కన రేటు కట్టొచ్చు. 55 దాటిన బస్తా వస్తే ఇద్దరు పట్టాలని, లేదా తోపుడు బండి మీద పోవాలని తెర మీదే చూపించొచ్చు. కనీస వేతనం రూలూ ఇలాగే. పని లెక్కన ఇచ్చే కూలి, ఆ రోజుకు నిర్ణయించిన కనీస కూలి కంటే తగ్గితే తేడా కలిపి ఇవ్వాలన్న సూత్రం 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉండేది. 2019 వేతన స్మృతిలోనూ కొనసాగింది. గుమాస్తాకు రోజూ ఇది సరిచూసే తీరిక ఉండదు. కంప్యూటర్‌కు ఒక్క వాక్యం చాలు.

బిజినెస్ రూల్స్ పద్ధతికి ఉన్న సుగుణమే దాని ప్రమాదం కూడా. ప్రోగ్రాము రాసినవాడిని పిలవకుండా, గోదాం మేనేజరే ఒక పట్టికలో అంకె మార్చి రూలు మార్చుకోవచ్చు. పూర్వం రేటు మారాలంటే మేస్త్రీ, యజమాని ఎదురెదురుగా కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక గడిలో అంకె మారితే మర్నాటి నుంచి కూలి మారుతుంది, డిఫాల్ట్ మారితే మారిన సంగతే ఎవరికీ తెలియదు. అందుకే ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను ఏ అంకెగా మార్చారో నమోదు చేసే మార్పుల చిట్టా ప్రోగ్రాములో ఉందా అని చూడాలి. దాన్ని మేస్త్రీ చూడగలడా అన్నది తర్వాతి ప్రశ్న.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ ప్రశ్నకు చట్టంతో జవాబిచ్చింది. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం పెద్ద గోదాముల యజమానులు ప్రతి కార్మికుడికీ అతని కోటా ఎంతో రాసి ఇవ్వాలి. భోజనానికి, విశ్రాంతికి, మరుగుదొడ్డికి అడ్డొచ్చే కోటా పెట్టకూడదు. కోటా వల్ల తన హక్కుకు భంగం కలిగిందనుకున్న కార్మికుడు గత 90 రోజుల తన పని వేగం వివరాలు అడిగి తీసుకోవచ్చు. మన దగ్గర అంత దూరం వెళ్లకముందే చేయగలిగినవి ఉన్నాయి. అమల్లో ఉన్న రూల్సును తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి కాటా గది గోడకు అంటించవచ్చు. లారీ దిగగానే ఎన్ని టిక్కీలు, ఏ అంతస్తు, ఎంతసేపు ఆగారు, ఏ రూలు కింద ఎంత పడింది అన్నది మేస్త్రీ ఫోనుకు మెసేజీగా పంపవచ్చు. రైతు సరుకు అమ్మగానే ఫోనుకు వివరం రావడం మనకు అలవాటైపోయింది, హమాలీకి రాకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు. మెసేజీలో అంకె, మేస్త్రీ పుస్తకంలో అంకె కలవని రోజున ఎవరి దగ్గరికి పోవాలో, ఎన్ని రోజుల్లో తేల్చాలో, తేలేదాకా ఏ అంకె ప్రకారం చెల్లించాలో ఒప్పంద పత్రంలోనే రాసుకోవాలి. ఆ వాక్యాన్ని రూలుగా మార్చడం సాఫ్ట్‌వేర్ వాళ్లకు అరపూట పని.